ఆరు నుంచి ఎనిమిది దాకా ఎవరి పిల్లలు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పాలమూరు, నల్లగొండ పేపర్ల నిండా పిల్లల ఫోటోలే. జూన్‌లో బడిబాట మొదలైతే ఒకటో తరగతిలో చేరేవాళ్ళకు పలకాబలపం ఇచ్చి సామూహిక అక్షరాభ్యాసం చేయిస్తారు. రెండూ మంచివే, రెండూ జరగాల్సినవే. ఈ రెండు సంబరాల మధ్య ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఉన్నాయి. ఆరో తరగతిలో అడుగుపెట్టిన పిల్లను ఎవరూ ప్రత్యేకంగా పలకరించరు. ఎనిమిది పాసైన పిల్లవాడి పేరు ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. టీచరుగా నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఈ పిల్లలతోనే గడిచింది కాబట్టి ఒక మాట ధైర్యంగా చెప్పగలను. మన పల్లెల్లో పిల్లలు చదువులో నిలబడతారో, పనిలో కలిసిపోతారో తేలేది ఈ మూడేళ్ళలోనే. పదో తరగతి మార్కుల మెమో మీద కనిపించేది అప్పటికే తేలిపోయిన సంగతి. అలాంటి మూడు తరగతులను మన వ్యవస్థ ఎప్పుడూ ఎవరికీ పూర్తిగా అప్పజెప్పలేదు. నా బాధంతా దాని గురించే.

చరిత్ర చూస్తే ఈ దశకు మన దగ్గర ఒకప్పుడు పెద్ద గౌరవమే ఉండేది. నిజాం కాలంలో ప్రాథమిక బడిని తహ్తానియా అనీ, మిడిల్ స్కూలును వస్తానియా అనీ, హైస్కూలును ఫౌఖానియా అనీ పిలిచేవారు. ఊళ్ళో ఒకాయన "మిడిల్ పాసు" అంటే దస్తావేజు చదవాలన్నా, అర్జీ రాయాలన్నా జనం ఆయన గడపకే వచ్చేవారు. అయితే ఆ గడప ఎక్కగలిగినవాళ్ళు చాలా కొద్దిమంది. వస్తానియా ఉండేది తాలూకా కేంద్రాల్లాంటి చోట్ల. పైగా అక్కడి నుంచి పాఠాలన్నీ ఉర్దూలోనే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం దేశానికే కొత్త దారి. ఆ ఘనతను నేను తక్కువ చేయను. కానీ దేవరకొండ పక్క పల్లెలో తెలుగు తప్ప మరో మాట వినని పదకొండేళ్ళ పిల్లవాడికి లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఒక్కసారిగా తెలియని భాషలోకి మారిపోయేవి. చాలామంది చదువు అక్కడే ఆగేది. నడిగడ్డ (గద్వాల ప్రాంతం) వాళ్ళలో స్తోమత ఉన్నవాళ్ళు తుంగభద్ర దాటి కర్నూలుకు పోయి చదువుకునేవారు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారూ అలా వెళ్ళి చదువుకున్నవారే.

సొంతంగా ఖాన్గీ (ప్రైవేటు) బడి పెట్టుకుందామంటే దానికి సర్కారు అనుమతి కావాలి. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళు పెట్టుకున్న ఆంధ్ర మహాసభ మొదటి సభ 1930లో జోగిపేటలో సురవరం వారి అధ్యక్షతన జరిగింది. ఆ మరుసటేడు మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన, 1936లో షాద్‌నగర్‌లో కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షతన సభలు పెట్టారు. తల్లిభాషలో చదువు, ఖాన్గీ బడుల మీద ఆంక్షల తొలగింపు, ఆడపిల్లలకు బడులు అనే కోరికలు ఆ మహాసభ వేదికల మీద వినిపిస్తూనే వచ్చాయి. మాడపాటి హనుమంతరావు గారు 1928లో హైదరాబాదులో తెలుగు బాలికల పాఠశాల పెడితే, తెలుగు మాధ్యమం కావడం వల్ల ఇక్కడ గుర్తింపు దొరకలేదు. పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో దాన్ని కలిపి ఆడపిల్లల చేత పరీక్షలు రాయించారు. నల్లగొండలో నీలగిరి పత్రిక 1922లోనే వచ్చింది. అంటే చదువుకోవాలన్న కాంక్ష ఈ నేలకు ఎవరో బయటినుంచి వచ్చి నేర్పింది కాదు. నల్లగొండ, పాలమూరు అనగానే వెనుకబాటు మాట ఎత్తేవాళ్ళకు నేను ఈ సంగతులన్నీ గుర్తుచేస్తూ ఉంటాను.

తర్వాత వచ్చిన కాలం బడులను ఊరూరికీ తెచ్చింది. కాకపోతే ఆరు నుంచి ఎనిమిది తరగతులను రెండు ముక్కలు చేసింది. 1959 అక్టోబరులో నెహ్రూ మన షాద్‌నగర్‌కే వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. చిన్న బడులు పంచాయతీ సమితికి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తుకు పోయాయి. సమితులు పోయి మండలాలు వచ్చినా ఆ గీత చెరగలేదు. ఇవాళ్టికీ బోర్డులు చూడండి. ప్రాథమికోన్నత పాఠశాల అయితే మండల పరిషత్తుది, ఉన్నత పాఠశాల అయితే జిల్లా పరిషత్తుది. ఒక ఊళ్ళో ఆరో తరగతి పిల్ల ప్రాథమిక బడికి తోకగా ఉంటుంది, పక్క ఊళ్ళో అదే వయసు పిల్ల హైస్కూలుకు ముందు వరండాలా ఉంటుంది. అక్కడ ప్రాథమిక విద్య వాళ్ళకు ఆమె పెద్దపిల్ల, ఇక్కడ పదో తరగతి టెన్షన్‌లో ఉన్న హెడ్మాస్టరుకు ఆమె చిన్నపిల్ల.

దీని ఫలితం ప్రతి పథకంలోనూ కనిపిస్తుంది. బడులకు గదులు, సామాను సమకూర్చడానికి 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదట ప్రాథమిక బడుల కోసమే. మన రాష్ట్రంలో వండిన మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది, ఒకటి నుంచి ఐదు తరగతులకు. ఐదు దాటినవాళ్ళకు అది అందడానికి మరో నాలుగైదేళ్ళు పట్టింది. యూపీ స్కూల్లో, అంటే ప్రాథమికోన్నత బడిలో, పనిచేసిన మావంటి వాళ్ళకు ఆ ఏళ్ళు మరపురావు. ఒకటే ఆవరణ, ఒకటే చెట్టు నీడ. ఐదో తరగతి తమ్ముడు పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడితే ఆరో తరగతి అక్క చద్దిమూట విప్పుకునేది. మూట తెచ్చుకోని పిల్లలు బోరింగు దగ్గరికి పోయి నీళ్ళు తాగి వచ్చేవారు. ఎదిగే వయసు మొదలయ్యేది పదకొండేళ్ళకే, ఆకలి పెరిగేదీ అప్పుడే. ఆ వయసు పిల్లలనే వదిలేశారు.

అమెరికాలో ఈ తరగతుల గురించి వందేళ్ళకు పైగా పెద్ద ఆలోచనే జరిగింది. 1909లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో ఇండియానోలా అనే బడి ఈ వయసు పిల్లల కోసం విడిగా వెలిసింది. 1963లో విలియం అలెగ్జాండర్ అనే విద్యావేత్త, ఈ పిల్లలు చిన్న హైస్కూలు పిల్లలు కారు, వీళ్ళకు తమదైన బడి కావాలని వాదించాడు. వాళ్ళ బడులన్నీ బాగున్నాయని నేను అనడం లేదు. వాళ్ళు పిల్లల వయసు చూసి బడి పెట్టాలనుకున్నారు, మనం దూరం చూసి పెట్టాం. 2010 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కింద కూడా మనకు బాగా గుర్తున్నది కిలోమీటరుకు ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్లకు ప్రాథమికోన్నత బడి అనే లెక్కే. అదే చట్టం షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతికి ఒక్కరికి తక్కువ కాకుండా టీచర్లుండాలనీ, లెక్కలు-సైన్సుకు ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు ఉండాలనీ రాసి ఉంది. అది మాత్రం మరిచిపోయాం.

సబ్జెక్టుకో టీచరు ఎందుకు ఉండాలో నడిగడ్డలో నేను చూసిన ఒక సంగతి చెబుతాను. కృష్ణ, తుంగభద్రల మధ్య గద్వాల, గట్టు, మల్దకల్, అయిజ మండలాల్లో సీడ్ పత్తి పండిస్తారు. అది మామూలు పత్తి కాదు, విత్తనం కోసం వేసే హైబ్రిడ్ పంట. దానికి క్రాసింగ్ పని చేతులతోనే చేయాలి. మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొక్క మొగ్గలను సాయంత్రమే పట్టుకుని, రేకులు, లోపలి పుప్పొడి తిత్తులు గోటితో గిల్లేస్తారు. తెల్లారాక మగ మొక్కల పూలు కోసుకొచ్చి ఒక్కో ఆడ పూవు కొనమీద రాస్తారు. నెలల తరబడి రోజూ ఇదే పని. పంట కాలమూ బడి కాలమూ ఒకటే. చిన్నపిల్లల వేళ్ళు నాజూకు కాబట్టి వాళ్ళే బాగా చేస్తారని అంటుంటారు. నేనది ఒప్పుకోను. పెద్దవాళ్ళ వేళ్ళూ ఆ పని చేయగలవు. పిల్లలకు కూలి తక్కువ, ఎదురు మాట్లాడరు, అసలు కారణం అది. ఆ పొలాల్లో ఎక్కువగా కనిపించింది ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉండాల్సిన ఆడపిల్లలే.

ఒక ఏడాది దసరా తర్వాత ఏడో తరగతికి పువ్వు పాఠం చెబుతున్నాను. నాది లెక్కల సబ్జెక్టు, సైన్సుకు మనిషి లేక నేనే చెప్పేవాణ్ణి. బోర్డు మీద మందార పువ్వు బొమ్మ గీసి పుప్పొడి ఎలా చేరుతుందో వివరిస్తుంటే, పత్తి పని నుంచి అప్పుడే బడికి తిరిగొచ్చిన ఒక పిల్ల చెయ్యెత్తింది. "సారూ, ఆడ చెట్టు పువ్వుల పొడి ఉండొద్దు. ముందుగాలనే గిల్లెయ్యాలె. లేకుంటె దాని పొడి దానికే అంటుకుంటది, ఇత్తనం కరాబైతది" అంది. ముందుకొచ్చి చెప్పమన్నాను. సుద్దముక్క పట్టుకుని మొగ్గను ఏ వేళకు ఎలా గుర్తుపట్టాలో, గిల్లేటప్పుడు ఎక్కడ గోరు తగలకూడదో, ఎండెక్కాక ఎందుకు పట్టదో చెప్పుకుంటూ పోయింది. స్వపరాగ సంపర్కం, పరపరాగ సంపర్కం అనే మాటలు నేను పక్కన రాశాను, అంతే. ఆ రోజు క్లాసులో ఒక్కరు కూడా కదల్లేదు. తర్వాత అదే పేరాను పుస్తకంలో చదవమంటే ఆ పిల్ల కూడబలుక్కుంటూ మూడో లైనుకే ఆగిపోయింది.

అంత తెలివిగల పిల్లకు అక్షరం అంత దూరమైంది. ఈ రెండింటినీ కలిపే పని చేయాల్సింది మిడిల్ స్కూలే. ప్రాథమిక బడిలో ఉన్నప్పుడు ఆమెకు ఆ అనుభవం లేదు. తొమ్మిదో తరగతికి వచ్చాక అక్కడి టీచరుకు ఆమె దగ్గర కూర్చుని చదివించే తీరిక ఉండదు. మేము ఆమెను రోజూ బడి వదిలాక కాసేపు ఆపి చదివించాం. ఎనిమిది అయ్యాక కస్తూర్బా బడిలో, అంటే ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే సర్కారు బడిలో, చేర్పించాం. ప్రొఫెసర్ శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 1990ల నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో చెబుతూ వచ్చింది ఇదే. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే. ఆమెకు కొన్నాళ్ళు క్యాంపులో చదువు అందించి, తన వయసు పిల్లల తరగతిలోనే కూర్చోబెట్టాలి. పన్నెండేళ్ళ పిల్లను ఒకటో తరగతి పసివాళ్ళ పక్కన కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడే మానేస్తుంది. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలన్న ఈ ఆలోచన తర్వాత విద్యాహక్కు చట్టంలోకీ వచ్చింది. సిన్హా గారికి 2003లో మెగసెసే వచ్చిందని అందరికీ తెలుసు. ఆమె చెప్పిన పద్ధతిలో అసలు బరువు మోసేది మిడిల్ స్కూలు టీచరేనన్నది అంతమందికి తెలియదు.

లెక్కల సంగతి కూడా చెప్పాలి, అది నా సబ్జెక్టు కాబట్టి. సగం, మూడో వంతు కలిపితే ఎంత అని ఆరో తరగతిలో అడగండి. చాలామంది పైవి పైవి, కిందవి కింద కూడి రెండు బై ఐదు అంటారు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందని వాళ్ళే ఆశ్చర్యపోయేలా ఒక రొట్టెతోనో, కాగితం మడిచో చూపించడానికి ఒక పీరియడు పడుతుంది. ఆ ఒక్క పీరియడు దొరకని పిల్ల ఏడో తరగతిలో నిష్పత్తి దగ్గర, ఎనిమిదిలో సమీకరణాల దగ్గర, పదిలో త్రికోణమితి దగ్గర తడబడుతూనే ఉంటుంది. అంకెల స్థానంలో ఎక్స్ అనే అక్షరం మొదటిసారి వచ్చేదీ ఈ తరగతుల్లోనే. ఆ దాటింపు జాగ్రత్తగా చేయించాల్సిన చోట మనం ఏం చేస్తున్నాం? ఎన్నో యూపీ స్కూళ్ళలో ఒకే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) మూడు తరగతులనూ ఒక గదిలో కూర్చోబెట్టి అన్ని సబ్జెక్టులూ చెబుతున్నాడు. అతని నిబద్ధతను నేను శంకించను, అలాంటి వాళ్ళు ఎంత కష్టపడతారో దగ్గర నుంచి చూశాను. కానీ ఏ మనిషీ అంత పని చేయలేడు.

ఇక ఆడపిల్లల సంగతి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఆడవాళ్ళ అక్షరాస్యత సుమారు 45 శాతం, నల్లగొండలో సుమారు 54 శాతం. ఈ అంకెల వెనుక ఏముందో ఏ తండాకు వెళ్ళినా తెలుస్తుంది. పిల్ల పెద్దమనిషి అయ్యే వయసుకు ఊళ్ళో బడి అయిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో యూపీ స్కూలు ఏడుతో ఆగేది. చట్టం వచ్చాక కొన్ని బడులకు ఎనిమిది కలిసింది, కొన్ని ఇంకా ఏడు దగ్గరే ఉన్నాయి. పక్క ఊరి హైస్కూలుకు పోవాలంటే కంకర రోడ్డు, సాయంత్రం చీకటి, బడిలో తలుపు సరిగా పడని టాయిలెట్. "ఏమో సారూ, బిడ్డ పెద్దగైంది, ఒక్కతిని ఎట్ల పంపాలె?" అని అడిగే తల్లికి మనం ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. ఆమె భయం నిజమైనది. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఆడపిల్లల కోసమే మొదలయ్యాయి, పై తరగతులు తర్వాత కలిశాయి. మన దేశంలో ఈ వయసును గుర్తుపెట్టుకుని పెట్టిన మంచి పథకం ఏదంటే నేను మొదట దాని పేరే చెబుతాను. ఇప్పుడు ఆర్టీసీ బస్సులో ఆడపిల్లలకు టికెట్టు లేదు, అదీ మేలే. బడి వేళకు ఆ ఊరికి బస్సు వస్తేనే ఆ మేలు అందుతుంది.

చిన్న బడులను హైస్కూళ్ళలో కలిపేయాలి అనేవాళ్ళ వాదన నేను కొట్టిపారేయను. పదిమంది పిల్లలు, ఒక టీచరు, ఆటస్థలం లేదు, ల్యాబు లేదు. అలాంటి బడిలో ఉంచడం పిల్లలకు న్యాయమా అని వాళ్ళు అడుగుతారు. న్యాయం కాదు. పిల్ల ఒంటరిగా, భయం లేకుండా నడిచిపోగల దూరంలో హైస్కూలు ఉంటే కలపండి, నేనూ సంతకం పెడతాను. అంతకు మించితే కలపడం అంటే ఆడపిల్లల పేర్లు రిజిస్టరులోంచి కొట్టేయడమే. పిల్లలు తగ్గారు కాబట్టి టీచరును తీసేస్తారు, టీచరు లేడు కాబట్టి ఇంకొందరు వెళ్ళిపోతారు, ఇంకొందరు వెళ్ళారు కాబట్టి బడి మూస్తారు. రేషనలైజేషన్ (టీచర్ల సర్దుబాటు) పేరుతో ఇది ఎన్నిసార్లు చూశామో.

గురుకులాల గురించి మాట్లాడేటప్పుడు నాకు గర్వమూ దిగులూ రెండూ కలుగుతాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో మొదలైన గురుకులం దేశానికే దారి చూపింది. ఇవాళ సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాల్లో మన పిల్లలు సాధిస్తున్నవి చూస్తే కళ్ళు చెమరుస్తాయి. చలకుర్తి, వట్టెం నవోదయల్లోకి ఆరో తరగతికి ఎంపికైతే ఊరంతా సంతోషిస్తుంది. కానీ ప్రతి ఏటా ఐదు, ఆరు తరగతుల ప్రవేశ పరీక్షలు అవ్వగానే ఊరి బడిలో చురుకైన పిల్లలు, పట్టించుకునే తల్లిదండ్రులు ఉన్న పిల్లలు వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళకు ఎవరూ ఏమీ అనకుండానే, తాము ఎంపిక కానివాళ్ళమని అర్థమవుతుంది. పదకొండేళ్ళకు ఆ ముద్ర చాలా పెద్దది. నేను ఎక్కువగా మాట్లాడుతున్నది ఆ మిగిలిన పిల్లల కోసం. వాళ్ళ బడిలో కూడా లెక్కలకు లెక్కల టీచరు, ఇంగ్లీషుకు ఇంగ్లీషు టీచరు ఉండాలి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే జాతీయ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. ఆ సంగతి చెప్పి ఫారం నింపించే మనిషి లేక ఎన్ని బడుల పిల్లలు దాన్ని పోగొట్టుకుంటున్నారో.

2022లో సర్కారు బడులను బాగుచేసే మన ఊరు - మన బడి కార్యక్రమం వనపర్తిలోనే మొదలైంది. అదే ఏడాది ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో పుస్తకాలు వచ్చాయి. వందేళ్ళ కిందట ఉర్దూతో జరిగిందే ఇప్పుడు ఇంగ్లీషుతో జరగకుండా ఆ ఎదురెదురు పేజీలు కాపాడగలవని నా నమ్మకం, టీచరు రెండు పేజీలూ వాడితే. తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడంలో తప్పు లేదు. పాఠం అర్థం కావాలన్న పట్టు మాత్రం వదలకూడదు.

2020 జాతీయ విద్యా విధానంలో చాలా విషయాలతో నాకు పేచీ ఉంది. ఒక్కదానికి మాత్రం స్వాగతం చెబుతాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను ఒక ప్రత్యేక దశగా గుర్తించి, ఆ తరగతుల్లో పది రోజులు సంచి లేకుండా బయటి పనులు నేర్పమంది. మన దగ్గర ఆ పది రోజులకు ఎంత సంపద ఉందో! పోచంపల్లి నేతగాళ్ళు గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీసి, ఆ గళ్ళ లెక్క ప్రకారం నూలుకు ట్యూబు రబ్బరు ముక్కలతో కట్లు కట్టి రంగులో ముంచుతారు. ఒక్క గడి తప్పితే మగ్గం మీద ఏనుగు తొండం వంకరపోతుంది. ఎనిమిదో తరగతి గ్రాఫు పాఠానికి అంతకంటే మంచి తరగతి గది ఎక్కడ ఉంది? గద్వాల, నారాయణపేట చీరల మగ్గాలూ ఉన్నాయి. ఫ్లోరైడుతో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల ఎముకలు వంగిపోయాయి. ఆ నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడు తగ్గించే విధానాన్ని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచం దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటుంది. బకెట్టు నీళ్ళు, పటిక ముక్క, కాస్త సున్నంతో తేరుకోవడం అంటే ఏమిటో, అడుగున మడ్డి ఎలా దిగుతుందో ఏడో తరగతి పిల్లలు స్వయంగా చేసి చూడొచ్చు. తమ జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లో ఎందుకు ఉందో, తాత నడుము ఎందుకు వంగిపోయిందో వాళ్ళకు ఒకే పాఠంలో తెలుస్తుంది.

ఇవన్నీ చేయడానికి కొత్త పథకం అక్కర్లేదు. దగ్గరి బడులను ఒక హైస్కూలుతో జతచేసే స్కూల్ కాంప్లెక్స్ వ్యవస్థ ఉంది. రెండు మూడు యూపీ స్కూళ్ళకు కలిపి ఒక లెక్కల స్కూల్ అసిస్టెంటును, ఒక ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటును ఇచ్చి, వారంలో ఏ రోజు ఏ బడో ముందే ఖాయం చేస్తే చాలు. ఆరో తరగతిలో చేరిన మొదటి నెలలోనే ఎవరు చదవగలరు, ఎవరికి భిన్నాలు రావు అని చూసి, ఆ సగం ఏడాది దానికే కేటాయించాలి. ఎనిమిదో తరగతి చివర పరీక్ష పెట్టి ఫెయిల్ చేయాలా వద్దా అని పెద్దలు వాదించుకుంటున్నారు. ఆరో తరగతి మొదట్లో చూడాల్సింది చూస్తే ఆ వాదన అవసరమే రాదు.

ఈ జూన్‌లో బడులు తెరిచాక మీ ఊరి యూపీ స్కూలుకు ఒకసారి వెళ్ళండి. ఏడో తరగతికి లెక్కలు ఎవరు చెబుతున్నారని హెడ్మాస్టరును అడగండి. పోయినేడు ఐదు పాసైన ఆడపిల్లల్లో ఎంతమంది ఆరో తరగతి రిజిస్టరులో ఉన్నారో చూపించమనండి. పేర్లు తగ్గితే ఆ ఇళ్ళకు టీచరుతో పాటు మీరూ వెళ్ళండి. లెక్కల టీచరు లేడని చెబితే ఆ మాట కాగితం మీద రాసి, తల్లిదండ్రుల సంతకాలతో మండల విద్యాధికారికీ (ఎంఈఓ) జిల్లా విద్యాధికారికీ (డీఈఓ) ఇవ్వండి, రసీదు తీసుకోండి.